వలలో చిక్కిన తేనెపిట్ట

ఆ చలికాలం వల్లూరులో మా ఇంటి వెనక మునగచెట్లు విరగబూశాయి. పొద్దున్నే తేనెపిట్టలు వచ్చి వాలేవి. వాటిలో ఏవి చలికాలమంతా ఇక్కడే ఉండిపోతాయో తెలుసుకోవడానికి బెంగళూరు నుంచి ఒక మేడం వచ్చారు. కంటికి ఆనని సన్నని వల కట్టి, పిట్టను పట్టి, గుర్తు కోసం కాలికి చిన్న కడియం తొడిగి వదిలేసేవారు. సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పని నాకు మధ్యాహ్నం నుంచే. పొద్దునపూట ఆమె పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసేదాన్ని.

మా మామ అటు తొంగిచూసేవాడు కాదు. శెనక్కాయ చేలన్నీ ప్యానెళ్లకు ఇచ్చేశాక, అత్త కూడా పోయాక, ఆయన మంచం దిగడమే తక్కువ.

ఒకరోజు ఈదురుగాలి. మూడు పిట్టలు ఒకేసారి వలలో పడ్డాయి. రెండింటిని విడిపించేసరికి మూడోది తలకిందులుగా వేలాడుతోంది. చేతిలోకి తీసుకుంటే మెడ వాల్చేసింది. "తప్పు నాదే. ఇంత గాలిలో వల కట్టకూడదు" అన్నారు మేడం.

"మామా!" అని కేకేశాను. ఆయన కప్పుకున్న కంబళితోనే వచ్చాడు.

"ఇట్లియ్యమ్మా" అని పిట్టను అరచేతుల్లో మూసి, కంబళి లోపల గుండెకు ఆనించుకున్నాడు. "పాపా, రోంత చక్కెర నీళ్లు తే."

తెచ్చాను. వేలు ముంచి దాని ముక్కు దగ్గర పెట్టాడు. చాలాసేపు కదలిక లేదు. ఆ తర్వాత దారంలాంటి నాలుక బయటికొచ్చింది.

మేడం కడియాల డబ్బా అందుకోబోయారు.

"ఈ పొద్దు వద్దమ్మా. పానం పోయొచ్చినాది" అన్నాడు మామ.

ఆమె డబ్బా మూసేశారు. మామ చేతులు విప్పాడు. పిట్ట కాసేపు అలాగే కూర్చుని, మునగకొమ్మ మీదికి ఎగిరింది. జరిగింది జరిగినట్టే రాయమని నాకు చెప్పి, మేడం వల విప్పుకుని వెళ్లారు.

మామ అక్కడే చతికిలబడ్డాడు.

"తప్పు నాదేనని ఎంత సులువుగా చెప్పేసిందో సూడు ఆయమ్మ" అన్నాడు. "భూమియ్యమని నన్నెవురూ బలవంతం చేయలేదు పాపా. మీ అత్త వద్దని ఏడ్చినా నేనే సంతకం పెట్టినా. అది బతికుండంగా తప్పు నాదేనని నేనొప్పుకోలేదు. ఇంగెవురికి చెప్పేది?"

జారిన కంబళిని ఆయన భుజం మీదికి సర్దాను.

మర్నాడు పొద్దున చేనికాడికి తీసుకుపొమ్మని ఆయనే అడిగాడు. సోలార్ పార్కు కంచె దగ్గర ఆగాం.

"మన బాయి యాడుండాది?"

రోజూ అక్కడ పనిచేసేదాన్నే, మా బావి ఉన్న చోటు చూపించలేకపోయాను. ప్యానెళ్ల వరుసలన్నీ ఒకేలా ఉన్నాయి. ఆయన కంచె తీగ పట్టుకుని, లోపలికి చూస్తూ, అత్త ఎదురుగా ఉన్నట్టే మెల్లగా ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు. వినపడనంత దూరం జరిగి నిలబడ్డాను.