అడవిలోకి దిగిన గుర్రం

జనగామ స్టేషన్ ముందు టాంగా తోలే రాజమల్లు రోజూ పొద్దున్నే గుర్రం కాళ్ళకు నూనె రుద్దేవాడు, కళ్ళు మూసుకుని, పోగొట్టుకున్నదేదో వేళ్ళతో తడుముతున్నట్టు. అరవైతొమ్మిది తెలంగాణ గొడవలు చల్లబడి కాలేజీ తెరిచాక, అతని టాంగా ఎక్కే జంతుశాస్త్రం లెక్చరర్ సురేందర్ ఒక సంగతి చెప్పాడు. కోట్ల ఏళ్ళ కింద గుర్రాలకు మూడేసి వేళ్ళుండేవట. తడి అడవుల్లో మెత్తటి నేల మీద తిరిగేవట. అడవులు పలచబడి గడ్డి నేలలు పరుచుకున్నాక పక్క వేళ్ళు కరిగిపోయి, నడిమి వేలే గిట్ట అయిందట. రాజమల్లు భార్య సాలమ్మ విని, "వేళ్లుంటే మెట్టెలు గూడ చేపిస్తుంటివి" అని నవ్వింది.

ఆ వానాకాలం అతని గుర్రం కుంటింది. తారురోడ్డు మీద ఒక కాలు మోపనే లేదు. అది నడవకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. లెక్చరర్ చెప్పిన, ఎన్నడో ముగిసిన ఆ అడవి ముచ్చటను రాజమల్లు మందుగా తీసుకున్నాడు. లాడాలు ఊడదీయించి, దున్ని వదిలిన మడిలోకి గుర్రాన్ని దించాడు. పక్కనే మోకాలి లోతు బురదలో, దాని మెడ మీద చేయి వేసి నిలబడ్డాడు. ఆకుల సందుల్లోంచి వెలుతురు కారే చిత్తడి అడవి అతనికి కనబడుతూనే ఉంది. సాయంత్రానికి గుర్రం ఎత్తిన కాలు మెల్లగా బురదలో ఆనించింది.

"ఏమయ్యా, రేపన్న బండి గడుతవా?" గట్టు మీంచి సాలమ్మ అరిచింది.

"జర ఆగవే," అన్నాడు రాజమల్లు. "అదింక అడవిలనే ఉన్నది. మెల్లగ రానీ."