ఆయం తప్పిన గోడ

నా చిన్నప్పుడు మా ఇంటికి గోడలు లేవకముందే దయ్యం పట్టింది. ఊరంతా అలాగే చెప్పుకున్నారు. నేనప్పుడు నాలుగో తరగతి. మైపాడుకు పోయే దారిలో, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల మా ఊరు. తూర్పుగాలి తిరిగితే దండెం మీద ఆరేసిన బట్టలు కూడా ఉప్పు వాసన వేసేవి.

అంతకు ముందు ఏడాది గాలివానకు మా తాటాకుల ఇల్లు పోయింది. కప్పు లేచిపోయాక అమ్మ, నేను, నాలుగు నెలల తమ్ముడు ఎద్దులబండి కింద తడుస్తూ కూర్చున్నాం. నాయన గొడ్లను విప్పి మెరకకు తోలడానికి పోయి తెల్లవారాక వచ్చాడు. మూడోరోజుకు, మేం ఇంకా ఆ బండి కిందే ఉండగా, తమ్ముడు పోయాడు. శ్మశానం దారంతా నీళ్ళు. నాయన ఆ వానలోనే లాంతరు పట్టుకుని పోయి, పెరట్లో ఒకచోట పూడ్చి వచ్చాడు. ఎక్కడో మాకు చెప్పలేదు. పసిబిడ్డను పెట్టిన చోటు తల్లికి తెలియకూడదని మా వైపు ఆచారం. తెలిస్తే తల్లి కాళ్ళు అక్కడికే పోతాయని, మళ్ళీ కడుపు నిలవదని పెద్దవాళ్ళు అంటారు. నాయన గుర్తుగా ఒక రాయి పెట్టుకున్నాడట. వారం తర్వాత మళ్ళీ పొంగిన నీళ్ళు ఆ రాయిని తీసుకుపోయి, పెరడంతా మోకాలెత్తు ఇసుక పరిచాయి. బావి పక్కన అని ఆయనకు గుర్తు. ఆ పక్క ఎవరినీ తొక్కనిచ్చేవాడు కాదు.

తర్వాత నాయన ఇంకే పనీ పట్టనట్టు ఇంటి మీద పడ్డాడు. ఈసారి మిద్దె. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం, పొలంలో సొంతంగా కాల్పించిన ఇటుక, చేవ తేలిన తాటి దూలాలు. పాత ఇల్లు పల్లంలో ఉండేది కాబట్టి కొత్తది వెనక్కి జరిపి, పెరటి మెరక మీద కట్టాలని నిర్ణయించాడు. లోపల చుక్క నీరు పడకూడదు అని పదేపదే అనేవాడు. ఎందుకో మాకు తెలుసు. అమ్మ ఆ మాట వింటే లేచి గొడ్ల దగ్గరికి పోయేది. అంతవరకు మేం గొడ్ల కొట్టంలో ఒక పక్క తడికె కట్టుకుని ఉన్నాం.

బోగోలు వైపు నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. నేను మేస్త్రి తాత అనేదాన్ని. నలభై ఏళ్ళుగా కట్టిన గోడను ఒక్కసారీ విప్పలేదని ఆయనకు పేరు. ఆయన కూడా ఆ మాట నలుగురిలో రోజుకు రెండుసార్లన్నా చెప్పుకునేవాడు. బడి లేని రోజు పురికొస చివర నా చేతికిచ్చి పట్టుకోమనేవాడు. ఆయం లెక్క నాకు నేర్పింది ఆయనే. ఇంటి పొడవునూ వెడల్పునూ గుణించి ఎనిమిదితో భాగించాలి. ఒకటి మిగిలితే ధ్వజాయం, మంచిది. రెండు మిగిలితే ధూమాయం, పనికిరాదు. అలా ఎనిమిదింటికీ పేర్లున్నాయి. ఏమీ మిగలకపోతే కాకాయం. ఆ ఇంట్లో కాపురం నిలవదంటారు. మా ఇంటికి ఆయన వేసిన లెక్కను నేను పలక మీద వేసి చూశాను. ఒకటి మిగిలింది. తాత నా పలక చూసి, "నా కొలువు పోయినట్టే. చిన్న మేస్త్రి వచ్చేసింది" అన్నాడు.

నేల చదును చేసి, నాలుగు మూలలా, గోడల పొడవునా కొయ్య మేకులు కొట్టి, తాడు లాగి, ముగ్గు పోశారు. తెల్లటి గీతల్లో ఇల్లంతా నేల మీద పడుకుని ఉన్నట్టు కనపడింది. ఇది వంటిల్లు, ఇది పడకటిల్లు అని నేను గీతల మధ్య తిరిగాను. అమ్మ పనివాళ్ళకు మజ్జిగ కుండ తెచ్చి, వెనక గోడ గీత దగ్గర ఆగిపోయింది. ఆ గీత వంక చాలాసేపు చూసింది. కుండ అక్కడే దించి, ఎవరికీ పోయకుండా కొట్టంలోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున వెనక గీత మేకులన్నీ ఊడి ఉన్నాయి. ఊరికే ఊడి పడటం కాదు. రెండడుగులు ఇంటివైపుకు జరిగి, వరసగా మళ్ళీ దిగి ఉన్నాయి. తాత వాటిని పీకి పాత చోట కొట్టించాడు. ఆ మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. పునాది తవ్వడానికి వచ్చినవాళ్ళు పారలు ముట్టుకోలేదు.

"ఈ నేలలో ఎవురో ఉండారయ్యా" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "మేం తవ్వం. మాకూ పిల్లాజెల్లా ఉండారు."

మా అవ్వ, నాయన తల్లి, ఆ మాట పట్టుకుంది. పోయిన పసివాడే పీడిస్తున్నాడని, బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఒక మంత్రగాడు ఉన్నాడని, నేల నాలుగు వైపులా ఇనప మేకులు దిగ్గొడితే ఇక లేవడని నాయనకు చెప్పింది. నాయన తల వంచుకుని విన్నాడు. కాదనలేదు. గురువారం మంత్రగాడు వస్తాడని ఖాయమైంది. అమ్మ నాకు జడ వేస్తూ ఇదంతా విన్నది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నా మెడ మీద ఇసుక రాలింది.

ఆ ఇసుక ఎక్కడిదని నేను అడగలేదు. బుధవారం తెల్లవారుతుండగా మెలకువ వస్తే పక్కన అమ్మ లేదు. తడికె సందులోంచి చూశాను. మసక వెలుగులో అమ్మ వంగి మేకులు పీకుతోంది. ఒక్కొక్కటీ తెచ్చి ఇవతల గుచ్చి, ఇటుకతో చప్పుడు కాకుండా కొడుతోంది. అంతా అయ్యాక, ముగ్గు గీత మీద ఒకచోట కూర్చుని, నేల మీద అరచేయి పరిచింది. పసిబిడ్డకు జ్వరం ఉందో లేదో చూసేటప్పుడు పెట్టే చేయి అది. అప్పుడు నాకు తమ్ముడు ఎక్కడున్నాడో తెలిసింది. దయ్యాన్ని తలుచుకుని మూడు రోజులు భయపడిన నాకు, దయ్యం లేదని తెలిశాక ఇంకా ఎక్కువ భయం వేసింది.

ఎవరికి చెప్పాలి? నాయనకు చెబితే, తెలియకూడని చోటు అమ్మకు తెలిసిందని బయటపడుతుంది. అవ్వ ఊరుకోదు. చెప్పకపోతే రేపు అక్కడ ఇనప మేకు దిగుతుంది. సున్నం గానుగ దగ్గర తాత ఒక్కడే ఉంటే పోయి చెప్పేశాను. ఆయన గానుగ తిప్పుతున్న ఎద్దును ఆపాడు.

"యాడ కూచునింది మీయమ్మ?"

చూపించాను. తాత అక్కడ గొంతుక్కూర్చున్నాడు కానీ నేలను ముట్టుకోలేదు. కాసేపటికి లేచి, తలగుడ్డ విప్పి దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. "నువ్వు నాకేం చెప్పలా. నేనేం వినలా. పలక తీసుకోని బడికి పో" అన్నాడు.

నేను బడికి పోలేదు. ఇటుకల వెనక నిలబడ్డాను. తాత నాయనను, అవ్వను, పనివాళ్ళను అందరినీ పిలిచాడు. కొలకర్ర తీసుకుని పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. రోజూ కొలిచేటప్పుడు ఆయన పెదవులు అంకెలు లెక్కపెడుతూ కదిలేవి. ఆ రోజు కదల్లేదు.

"అయ్యా, తప్పు నాది" అన్నాడు. "ఆయం తప్పింది. ధ్వజాయం అనుకున్నా. ఇప్పుడు లెక్కేస్తే కాకాయం వస్తా ఉండాది. ఎనక గోడ రెండడుగులు లోపలికి రావాల."

నాయనకు కోపం ముంచుకొచ్చింది. "మూడుతూర్లు తాడు పట్టి చూసినావు గదా. కళ్ళు యాడ పెట్టుకోని చూసినావు?"

"ముసిలికళ్ళు గదయ్యా. మేకులు ఊరికే ఊడినాయా? తప్పు కొలతని నేలతల్లి నిలవనీలేదు. సరైన చోటు ఆమే చూపించింది. ఇంక మంత్రగాడితో పనేముండాది?"

పనివాళ్ళలో ఒకడు నవ్వాడు. "తాతకి మూరకీ బెత్తెడుకీ తేడా తెలియడంలా. రేపు వాకిలి మిద్దెమీద పెట్టి, నిచ్చెనేసుకోని రమ్మంటాడు."

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. "నువ్వే పట్టుకోవాలబ్బయ్యా నిచ్చెన" అన్నాడు. ఆ నవ్వుతో వాళ్ళ భయం పోయింది. పారలు అందుకున్నారు. అవ్వ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. మంత్రగాడికి రావద్దని కబురు పోయింది.

ఆ సాయంత్రం నేను పలక మీద పాత కొలతలు మళ్ళీ వేశాను. ఒకటే మిగిలింది. నాలుగుసార్లు వేశాను. తర్వాత వారం, ముందు గోడ పునాది తవ్వకముందే, ఎవరికీ చెప్పకుండా తాత దాని గీతను కొంచెం బయటికి జరిపాడు. ఆ కొత్త కొలతలు కూడా వేసి చూశాను. మళ్ళీ ఒకటి మిగిలింది. మాకోసం ఆడిన అబద్ధంలో కూడా ఆయన ఇంటిని చెడగొట్టలేదు.

పెరటి గది ఇరుకైంది. దాని వెనక, గోడకూ ప్రహరీకీ మధ్య చారెడు నేల మిగిలింది. గృహప్రవేశం నాడు అమ్మ పాలు పొంగించింది. ఆమె ఆ ఇంట్లో అడుగు పెడుతుందో లేదో అని ఏడాదిగా ఎదురుచూసిన నాయన, పొయ్యి ముందు ఆమెను చూసి బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆ చారెడు నేల ఎందుకు మిగిలిందో ఆయన ఎన్నడైనా ఊహించాడేమో నాకు తెలియదు. తర్వాత ఏళ్ళలో బావి పక్క తొక్కినా ఎవరినీ ఏమీ అనేవాడు కాదు.

కానీ ఆయం తప్పిన మేస్త్రి అన్న మాట ఆయన కంటే ముందు ఊళ్ళు తిరిగింది. తాతకు తన ఇల్లు కట్టే పని ఇస్తానన్న పక్క ఊరి మిల్లు యజమాని వేరేవాళ్ళను పెట్టుకున్నాడు. మా ఇంటి పని అయ్యాక ఆయన, తాను తాపీ పట్టడం నేర్పిన శిష్యుడి కింద కూలికి చేరాడు. మా ఇంటి పని చివరి రోజు ఆయన గోడకు నున్నటి పూత పెడుతుంటే పక్కన నిలబడి అడిగాను. లెక్క తప్పలేదని అందరికీ చెప్పనా తాతా అని. ఆయన నా వంక తిరగలేదు. తడి సున్నం మీద అరచేయి ఆడిస్తూనే అన్నాడు.

"చెప్తే ఆ గోడ మళ్ళీ జరగతాది పాపా."

ఇప్పుడు నాకూ ఒక బిడ్డ. వాడికీ నాలుగు నెలలు. ఇది రాస్తూ మూడుసార్లు లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నేను చదివిన బియ్యే ఆ వేలును ఆపలేదు. పోయిన నెల అమ్మ వచ్చి నాతో ఉన్నప్పుడు, నేను అలా లేవడం చూసి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట ఎత్తింది. ఆ వాన రాత్రి లాంతరు నేల మీద ఎక్కడ ఆగిందో బండి కిందనుంచి చూసిందట. కొట్టం గుంజ నుంచి ఎన్ని అడుగులో మనసులో లెక్క పెట్టుకుందట. మేకులు జరిపింది తానేనని చెప్పింది.

"మేకులైతే నేను జరిపినా. గోడని జరిపింది నేను గాదు" అంది. "అంత పెద్ద మేస్త్రి, ఆయనకి లెక్క తప్పతాదా? నీ తమ్ముడే తప్పించినాడు అమ్మణ్ణీ. వాడికి నా మీద కోపం లేదని అప్పుడు తెలిసింది నాకు. దాంతోనే ఆ ఇంట్లోకి పోగలిగినా."

లెక్క తప్పనేలేదన్న మాట నా నోటిదాకా వచ్చింది. మేస్త్రి తాత పోయి ఆరేళ్ళు. మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరిదైనా కొలత తప్పితే ఆయన పేరు చెప్పి నవ్వుతారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ మనవణ్ణి భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. 

"అవునమ్మా, వాడే జరిపించుకున్నాడు" అన్నాను.