చూసి చూసి చెడగొట్టిన అణువులు

పరిశోధన అంటే కళ్లు పెద్దవి చేసుకుని చూడటమేనని గట్టిగా నమ్మిన రోజులవి. బెంగళూరులో ఒక ల్యాబులో రీసెర్చి స్కాలరుగా ఉండేవాణ్ని. ధర్మవరంలో మా నాయన పట్టునూలుకు రంగు వేసే పనివాడు; మా ఇంట మొట్టమొదటి శాస్త్రవేత్తనన్న పొగరు నాకు దండిగా ఉండేది. గాలంతా లాగేసిన స్టీలు పీపాలో, గడ్డకట్టే చలిలో, ఒక ఆక్సైడు పలక మీద ఐరన్ కార్బొనిల్ అణువులను అంటించాలి. (నడుమ ఒక ఇనుము, దాన్ని పట్టుకుని ఐదు కార్బన్ మోనాక్సైడ్‌లు. పెద్ద కుటుంబమే.) సోమవారం గైడు వచ్చేసరికి అవి చెక్కుచెదరకుండా ఉంటే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది సాగుతుంది. లేకుంటే ధర్మవరం రైలెక్కడమే.

శనివారం అణువులు బుద్ధిగా అంటుకున్నాయి. అప్పుడే తలుపేసి హిందూపురంలో అక్క ఇంటికి పోయి పడుకుని ఉంటే సరిపోయేది. అంత తెలివితక్కువ పని నేను చేస్తానా? అవి క్షేమమేనా అని ఎలక్ట్రాన్ పుంజం వేసి చూశాను. క్షేమమే. గంటాగి మళ్లీ చూశాను. ఏదో తగ్గినట్టనిపించి, కంగారుతో ఇంకాసేపు చూశాను. ఆదివారం సాయంత్రానికి పదకొండుసార్లు చూశాను. (ప్రతిసారీ ఎంత మిగిలిందో టైముతో సహా నోటుబుక్కులో రాశాను. శ్రద్ధకేం తక్కువ లేదు.)

సోమవారం పెనుకొండ మనిషైన మా గైడు తెర చూసి, "ఏమప్పా, ఇనుమొక్కటే ఉండాది. తక్కినవి యాడికి పోయినాయి?" అన్నారు.

"తెలీదు సార్. కన్నార్పకుండా చూస్తానే ఉన్నా."

"అదే నేనూ చెప్తాండేది. ఆ పుంజం తగిలినప్పుడల్లా కొన్ని ఊడిపోతాయి. కాపలా కాసినోడివే తరిమేసినావు."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆయన నోటుబుక్కు తీసుకుని చాలాసేపు తిరగేశారు.

"ఎంతసేపు చూస్తే ఎంత చెడిందో బాగా రాసినావే. ఇంక నీ పరిశోధనకు దీన్నే పట్టుకో. ఫెలోషిప్ ఇంకో ఏడాది ఇమ్మని నేనడుగుతా."

ఆ విధంగా, చెడగొట్టడంలో నేను డాక్టరునయ్యాను.

పట్టా తెచ్చి చూపిస్తే అవ్వ కథంతా విని నాయన వైపు తిరిగింది. "చెడగొట్టినోనికి పట్టా ఇస్తారంట. నువ్వు ఒక్క చీరకు రంగు చెడగొడితే ఆ షావుకారు పనిలోంచి తీసేసె కదరా."

నాయన నవ్వాడు. నేనూ పడీపడీ నవ్వాను. ఆనాటి ఆ డాక్టరుగారిని తలచుకుంటే ఇప్పుడూ నవ్వొస్తుంది. ఆ చీర రంగు ఎలా చెడిందని నాయనను ఒక్కసారి కూడా అడగలేదు.