పసుపు అంటిన మబ్బు కార్డు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఊరు నాగలమడిక నుంచి బస్సులో వెళ్తూ పావగడ కొండ కనిపించగానే మనసులో ఒక సలాము కొడతాను. దేవుడికి కాదు. ఆ కొండలో ఒక మహా యంత్రం పడుకుని ఉంది. కోట గోడ దాని నడుం పట్టీ. హైస్కూల్లో ఉన్నప్పుడు నేనే దాన్ని పడుకోబెట్టాను. ఇన్నేళ్ళయినా లేపే ధైర్యం చాల్లేదు.

నవ్వుకోవచ్చు. కండక్టరుతో "ఇక్కడ ఆపండి" అని గట్టిగా అనలేక, తర్వాతి స్టాపులో దిగి ఎండలో వెనక్కి నడిచొచ్చే పిల్ల ఇనుప రాక్షసుల సైన్యానికి అధిపతి అంటే నాకే నవ్వొస్తుంది.

సోలార్ పలకలు వచ్చిన కొత్తలో మొదలైంది ఇదంతా. వేరుశనగ చేలు ఉన్నచోట కనుచూపు మేర నల్లటి పలకలు పరిచారు. అందరూ కరెంటు గురించి మాట్లాడుకుంటుంటే, నాకు మాత్రం అవి ఏదో పెద్ద పంక్తి భోజనానికి వేసిన విస్తళ్ళలా కనిపించాయి. ఇంత ఎండను కూర్చుని తినేవాళ్ళు ఎంత ఎత్తుంటారు? అలా పుట్టారు ఎండదొరలు. తాటిచెట్లను గడ్డిపోచల్లా దాటే యంత్రాలు. ఒక్కొక్కరి మెడలో ఒక గది, ఆ గదిలో నడిపే మనిషి. వాళ్ళ బలం ఎండ, వాళ్ళ శత్రువు మబ్బు. మాది సరిహద్దు ఊరు; ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. తెలుగు అక్షరాలు మా అంగట్లో పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. ఆ అరకొర తెలుగులోనే డైరీల నిండా వాళ్ళ చరిత్ర రాశాను. డిగ్రీ అయ్యేసరికి ఎండదొరలకు వంశాలు, పగలు, ప్రాణస్నేహాలు అన్నీ ఏర్పడ్డాయి. నాకే ఏమీ ఏర్పడలేదు.

నాయనకు సాయంగా అంగట్లో కూర్చుంటున్న రోజుల్లో, ఫోనులో ఒక ప్రకటన చూశాను. బెంగళూరులో కార్డు ఆటలు తయారుచేసే కొందరు కొత్త కథాలోకాల కోసం వెతుకుతున్నారు. కథ నచ్చితే పిలుస్తారు. మనం దాన్ని ఆటగా మార్చి, కార్డులు అచ్చు వేయించుకుని వెళ్ళాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆడతారు. ఆట జరుగుతున్నంతసేపు తయారుచేసినవాళ్ళు గానీ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు గానీ నోరు విప్పకూడదు. విప్పితే ఆ ఆట లెక్కలోకి రాదు.

నోరు విప్పకూడదు! నా అర్హతలు తెలిసి ఎవరో పెట్టిన పోటీ అనిపించింది. కథ పంపాను. రమ్మన్నారు.

ఒక లోకాన్ని కార్డుల్లోకి దించడమంటే గంగాళంలో కలిపిన పులిహోరను ఉగ్గుగిన్నెలోకి సర్దడమే. నడిపే మనిషి చచ్చిపోయాక అతని ఇంటి వాకిలి ముందే నిలబడిపోయిన ఒక దొర కథను నేను ఒక వేసవంతా ఏడుస్తూ రాశాను. కార్డు మీద అది "బలం నాలుగు. ఎండ లేకపోతే కదలడు" అయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఇదే బాగుంది. కొండలో పడుకున్నవాడికీ ఒక కార్డు రాశాను: "కొండదొర. నిద్రలో ఉన్నాడు." అంతే. ఎలా లేస్తాడో రాయలేదు. ఆటకు మూలస్తంభం మాత్రం మబ్బు కార్డు. ఆట ముగిసేసరికి అది ఎవరి చేతిలో మిగిలితే వాళ్ళు ఓడినట్టు. అందుకని అందరూ దాన్ని పక్కవాళ్ళకు అంటగట్టాలని చూడాలి. పైన కన్నడం, కింద తెలుగు రాసి, బొమ్మలు వేసి, పెన్‌డ్రైవ్ పట్టుకుని పావగడ బజారులో ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్ళాను.

"కార్డులు కొట్టించల్ల," అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా.

"ఎవురిదమ్మా?" అన్నాడు ప్రెస్సాయన.

"నాదే." ఆట నాదే కదా మరి.

ఆయన మొహం విప్పారింది. "శుభం తల్లీ! నాగలమడిక అంగడాయన కూతురు కదూ నువ్వు? ఎప్పుడు?"

"ఆదివారం."

"ఈ ఆదివారమేనా! యాడ?"

"బెంగళూరులో."

ఆయన గొంతు తగ్గించాడు. "ఇంట్లో తెలుసునా?"

తెలియదని తల ఊపాను. ఆయన అయ్యో పాపం అన్నట్టు చూసి పెన్‌డ్రైవ్ తీసుకున్నాడు. బయటికి వచ్చాక ప్రెస్సు అద్దం వెనక వరసగా వేలాడుతున్న వినాయకుడి బొమ్మలు, బంగారు అంచులు, "శుభలేఖ" అన్న అక్షరాలు కనిపించాయి. వెనక్కి వెళ్ళి "అది పెళ్ళి కాదండీ" అంటే సరిపోయేది. కానీ అందుకు ఒక పూర్తి వాక్యం పలకాలి. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కేశాను.

నాకంటే ముందే ఫోను ఇల్లు చేరింది. అంగడి మూసి ఉంది. నాయన కుర్చీలో, అవ్వ మంచం మీద, అమ్మ గడపలో.

"ఎవురు వాడు?" అంది అమ్మ.

"ఎవురూ ల్యారు."

"ఎవురూ ల్యాకుండానే ఆదివారం పెండ్లా? ఎవురి చెవిలో పూలు పెడతాండావు?"

ప్రేమ అని ఒప్పుకోవడం సులువు. దానికి ఏడుపులు, తిట్లు, రాజీలు అన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. నా రహస్యానికి అవేమీ లేవు.

"రోబోలు," అన్నాను.

అవ్వ లేచి కూర్చుంది. "రోబోళ్ళా? యా ఊరోళ్ళే వాళ్ళు? మనోళ్ళేనా?"

తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. మొహం కనిపించకపోతే నాకు మాటలొస్తాయి. విస్తళ్ళ దగ్గర్నుంచి బెంగళూరు దాకా మొత్తం చెప్పాను. సలాము ఒక్కటే దాచుకున్నాను. చెప్పడం అయ్యాక అమ్మ "దీనికంటే పెండ్లే మేలు కదప్పా" అంది. నాయన నవ్వలేదు.

"అంటే ఇస్పేట్ ఆట. ఉగాది దినం తప్ప ఈ ఇంట్లో ఇస్పేట్ ముక్క ముట్టింది ల్యా." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "తేపో. మేము ముగ్గురం ఆడతాం. నువ్వు నోరు తెరవగూడదు. ఆట మాకు తెలిస్తే బెంగళూరికి నేనే తోడొస్తా. తెలీకపోతే ఈ మాట మళ్ళా ఎత్తొద్దు."

ఎండదొరల తలరాత మొత్తం ఇంట్లోవాళ్ళ ఒక్క ఆట మీద నిలబడింది. వాళ్ళలో అవ్వకు చదువే రాదు.

మర్నాడు కార్డులు తేవడానికి నాయన కూడా వచ్చాడు. పెళ్ళి కాదని తెలిసి ప్రెస్సాయన తల పట్టుకున్నాడు. "నాకేం తెలుసన్నా! ఈ కాలం పిల్లోళ్ళు పెండ్లి కార్డు ఆధార్ మాదిరి కొట్టిస్తారు, రేషన్ కార్డు మాదిరి కొట్టిస్తారు. చుట్టాల్లో ఒక్కొక్కరికీ ఒక్కో రాక్షసుడి బొమ్మేమో అనుకుంటి." అప్పటికే ఆయన తన పద్ధతి ప్రకారం కట్టలో పైనున్న కార్డుకు నాలుగు మూలలా పసుపు పెట్టేశాడు. పైన ఉన్నది మబ్బు కార్డు. బోర్లా వేసినా మూలల్లో పచ్చగా కనిపిస్తోంది. నా ఆటలో అందరూ వదిలించుకోవలసిన దరిద్రానికి శుభప్రదంగా గుర్తు పెట్టించుకుని ఇంటికి వచ్చాను. దారిలో నాయన కనిపించినవాళ్ళందరికీ "పెండ్లి కాదప్పా, మా పాప ఇస్పేట్ కొట్టించింది" అని సర్దిచెప్పాడు. పరువు ఎటు పోయిందో మాకు అర్థమయ్యేలోపు బజారు దాటేశాం.

ఆట మొదలైంది. అమ్మ కార్డులు చదివి అవ్వకు చెబుతోంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అంతా సాఫీగానే సాగింది, అవ్వ చేతికి మబ్బు వచ్చేదాకా.

"ఇదేందే?"

"మబ్బు. పక్కోళ్ళకి ఇచ్చేయల్లంట అత్తా," అంది అమ్మ.

"మబ్బునా? ఇచ్చేయల్లనా?" అవ్వ ఆ పసుపు మూలలు తడిమి చూసి, కార్డును వక్కాకు సంచిలో పెట్టి సంచి నడుముకు దోపేసింది. "పసుపు పెట్టినారు కూడా. మన సీమలో మబ్బొస్తే ఎవురన్నా పక్కూరికి తోలుతారా?"

"అమ్మా, అదుంటే ఓడిపోతావు," అన్నాడు నాయన.

"ఓడితే ఓడతా. నీ రాక్షసుల్ని నువ్వు పెట్టుకో. వాన నాకుండనీ."

"అట్లయితే అది నాకియ్యత్తా," అని అమ్మ. "నాకే రావల్ల అది," అని నాయన. కార్డు కోసం ముగ్గురూ పోట్లాడుకున్నారు. ఎండదొరలు నేల మీద ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్నారు. ఎండను మెక్కే దొరల కథ రాసీ రాసీ, నేను ఏ సీమలో కూర్చుని రాస్తున్నానో మరిచిపోయాను. చినుకు కోసం ఆకాశంకేసి చూసే ఊళ్ళో మబ్బును శత్రువును చేశాను.

ఆ సాయంత్రం మబ్బు కార్డు మీద కాగితం అంటించి, పాత పద్ధతిని తిరగేసి రాశాను: "ఇది చేతిలో ఉంటే మీ దొరలు కదలరు. చివరిదాకా దాచుకుంటే మీ ఊళ్ళో వాన. మీరే గెలిచారు." దాచుకుంటే బలం పోతుంది, వదిలితే వాన పోతుంది. నేను ఇన్నేళ్ళుగా వెతికిన ఆట అవ్వ వక్కాకు సంచిలో దొరికింది. మళ్ళీ ఆడారు. ఆట ఎలాగని ఎవరూ అడగలేదు. నాయన లేచి ఆదివారానికి చొక్కా ఇస్త్రీ చేయమని అమ్మకు ఇచ్చాడు.

బెంగళూరులో బల్ల చుట్టూ కూర్చున్న కొత్తవాళ్ళు ఆడుతుంటే, నేను గోడకు ఆనుకుని, జన్మ నేర్పిన విద్యను ప్రదర్శిస్తూ, మౌనంగా నిలబడ్డాను. నాయన నా పక్కన. ఆట చివరికొచ్చింది. మబ్బు ఒక అమ్మాయి చేతిలో ఉంది. ఆమె దొరలు ముగ్గురూ కదలకుండా పడి ఉన్నారు. విసుగొచ్చి కార్డును పక్కవాళ్ళకు ఇవ్వబోయింది.

"ఇయ్యొద్దమ్మా!" అని నాయన అరిచాడు. "రవ్వంత ఓర్చుకో, వానొస్తాది!"

గది మొత్తం మా వైపు తిరిగింది. నిర్వాహకులు నవ్వారు గానీ నియమం నియమమే. మా ఆట లెక్కలోకి రాలేదు. జీవితమంతా మాట్లాడక ఓడిన నేను, మాట్లాడినందుకు ఓడిన రోజు అదొక్కటే. ఆ మాటా నాది కాదు. అయితే బల్ల దగ్గరివాళ్ళు లేవలేదు. ఆ అమ్మాయి కార్డులు కలిపి మళ్ళీ పంచింది.

తిరుగు బస్సులో నాయన తప్పు చేసినవాడిలా ఒడిలో కార్డుల కట్ట పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. పావగడ దగ్గరపడింది. ఎప్పటిలాగే కిటికీకేసి తిరిగి, కనిపించిన కొండకు మనసులో సలాము కొట్టాను. నాయన ఒక కార్డు దగ్గర ఆగి, దాన్నీ కొండనూ మార్చి మార్చి చూసి, నా మోచేతిని తట్టాడు.

"పాపా, ఈడు పండుకోనే ఉండాడు కదా. వీణ్ణి లేపే కార్డు ఎప్పుడు రాస్తావు?"