మెట్ల కింద చీపుళ్ళ గది

మా మేనత్తకి పెళ్ళి సంబంధాలు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ పెళ్ళికొడుకుని వదిలేసి వాళ్ళింటి గచ్చు చూసి వచ్చేది. ఏ ఇంటి మూలలూ ఆవిడకి నచ్చలేదు. చివరికి మా తాతయ్య విసిగిపోయి, "నీకు కావలసింది మొగుడు కాదే, ఊడ్చుకోవడానికి ఓ పెద్ద హాలు" అన్నాడట. అన్నట్టే పద్దెనిమిదో ఏట దేవుడి బడిలో ఊడ్చే పనికి చేరింది. డెబ్బై దాటినా ఆ భవనాన్ని వదల్లేదు.

దేవుడి బడి అన్నది జనం పెట్టుకున్న పేరు. పిల్లలకి ప్రార్థనలు, పవిత్ర గ్రంథాలు కంఠతా పట్టించే చోటు. ఎత్తైన కిటికీలు, పొడుగాటి హాలు, పై అంతస్తుకి చెక్క మెట్లు, ఆ మెట్ల కింద చీపుళ్ళు దాచుకునే ఓ చిన్న గది. అత్తయ్య చేరేనాటికే బడి ఆఖరి దశలో ఉంది. చివరి సంవత్సరం నలుగురు పిల్లలకి ఆరుగురు గురువులు. ఒక్క పిల్లవాడికి జలుబు చేస్తే ఒకటిన్నర గురువుకి పని లేకుండా పోయేది. ఆ ఏడాది బడి మూసేస్తూ పెద్ద గురువుగారు, "ఊడవడం అయ్యాక తాళం వెయ్యమ్మా" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆవిడ ఊడుస్తూనే ఉంది.

తర్వాత ఆ భవనంలోకి కుట్టుపని నేర్పేవాళ్ళు వచ్చారు. వాళ్ళ తర్వాత పళ్ళ డాక్టరు, ఆయన తర్వాత ఏదో ఆఫీసు. ఎవరొచ్చినా అత్తయ్య భవనంతో పాటే వచ్చిన సామాననుకున్నారు. మా నాన్న ఉద్యోగం మారి మేమంతా ఇల్లు ఖాళీ చేసిన రోజున, అప్పటిదాకా మాతోనే ఉన్న అత్తయ్య తన పెట్టె పట్టుకొచ్చి, చీపుళ్ళని బయటికి గెంటేసి, మెట్ల కింది గదిలో తను దూరింది. ముప్పై ఒక్కేళ్ళు అందులోనే ఉంది.

ఆ భవనం గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. పళ్ళ డాక్టరు ఓసారి గొప్పకి, ఇది ఒకప్పుడు రాజుగారి విడిది అని ఓ రోగితో చెప్పాడు. అత్తయ్య చీపురుతో సహా లోపలికి వెళ్ళింది. "రాజూ లేడు, గాడిద గుడ్డూ లేదు. బడి ఇది. మీరు కూర్చున్న చోట రెండో తరగతి" అంది. నోరు తెరిచి ఉన్న రోగి తల ఊపాడు. డాక్టరు ఆ తర్వాత చరిత్ర జోలికి పోలేదు.

ఈ మధ్య పాత కట్టడాల శాఖ నుంచి ఒక మేడమ్ వచ్చింది. బడిని మునుపటిలా తీర్చిదిద్ది జనానికి చూపిస్తారట. కానీ అప్పటి వివరాలున్న కాగితం ముక్క ఒక్కటీ దొరకలేదు. దొరికింది అత్తయ్య.

మేడమ్ ఏది అడిగినా అత్తయ్య సంవత్సరం చెప్పేది కాదు. తను ఊడ్చినదాన్ని బట్టి చెప్పేది. "ఈ తలుపు సుద్దపొడి రోజుల్లోది. ఆ అరుగు బొత్తాలప్పుడు కట్టారు. ఈ గోడ పళ్ళప్పుడు లేచింది." మేడమ్ మొదట బిక్కమొహం వేసింది. తర్వాత ఒక నేలచెక్క లేపి చూస్తే కింద సుద్దముక్కలు, వాటి మీద బొత్తాలు, అన్నిటికన్నా పైన ఒక దవడ పన్ను. మేడమ్ ఆ పన్నుని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. వారం తిరిగేసరికి మేడమ్ కూడా, "పళ్ళ కంటే ముందా, తర్వాతా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టింది.

అంతా బాగానే ఉంది గానీ, పెళ్ళయ్యాక మళ్ళీ ఆ ఊరే చేరిన నేను ఒకరోజు అత్తయ్యని చూడ్డానికి వెళ్తే, మేడమ్ నన్ను పక్కకి పిలిచింది. ప్రతి గదినీ బడి రోజుల్లో ఎలా వాడారో అలాగే ఉంచాలట. అది రూలు. ఆ రోజుల్లో మెట్ల కింద మనిషి ఉండి ఉంటే అత్తయ్యని అక్కడే ఉండనివ్వచ్చు. లేకపోతే ఖాళీ చెయ్యాలి. "రేపు అందరి ముందూ అడిగి రాసుకుంటాను. ఎవరో ఒకరు ఉండేవారని చెబితే చాలు" అంది పాపం.

నా గుండెల్లో రాయి పడింది. అత్తయ్య మీద జాలితో అని చెబితే కళ్ళు పోతాయి. ఖాళీ చేస్తే ఆవిడ వచ్చేది మా ఇంటికే. మాకున్నవి రెండు గదులు. ఆవిడ చుట్టపుచూపుగా వస్తేనే అన్నం తింటుండగా కాళ్ళెత్తమని కింద ఊడుస్తుంది. మా ఆయనయితే, "మీ అత్తయ్య వస్తోందంటే చెప్పు, నేను బీరువా ఎక్కి కూర్చుంటాను" అంటాడు.

ఆ రాత్రంతా ఆవిడకి నూరిపోద్దామనుకున్నాను గానీ, దొరికింది మర్నాడు పొద్దున్నే. చెవిలో చెప్పాను. విన్నట్టే తలూపింది. మేడమ్ కాగితాలు పట్టుకుని ఆఫీసర్లతో వచ్చింది.

"బడి ఉన్నప్పుడు ఈ గదిలో ఎవరో ఒకరు పడుకునేవారు కదమ్మా?"

"లేదు. చీపుళ్ళుండేవి. పదకొండు."

నేను దగ్గాను. "వాచ్‌మన్ పడుకునేవాడన్నావు కదా అత్తయ్యా?"

"నేనెప్పుడన్నానే? వాడు గేటు దగ్గరే పడుకునేవాడు, అదీ డ్యూటీలో."

మేడమ్ కాగితం మీంచి కలం ఎత్తేసింది. "బాగా గుర్తు తెచ్చుకోండమ్మా. వంటమనిషి? చుట్టాలెవరైనా?" చివరికి ఆశ చంపుకోలేక, "పోనీ పిల్లి?" అంది.

"ఇరుకని పిల్లి కూడా వచ్చేది కాదు" అంది అత్తయ్య.

మేడమ్ తల దించుకుని రాసుకుంది. బయటికి వచ్చాక నేను ఎగిరిపడ్డాను. "ఒక్క అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయేది?"

"యాభై ఏళ్ళు అందరి అబద్ధాలూ సరిచేసి, ఇప్పుడు నేనే మొదలుపెట్టనా? పెట్టె అందుకో" అంది.

అలా అత్తయ్య మా ఇంటికి వచ్చింది. మొదటి రోజే మంచం జరిపి, ఎప్పుడో పోయిన నా చెవిరింగు, మా ఆయన దాచుకున్న సిగరెట్ పెట్టె బయటికి లాగింది. రెంటికీ నేనే తిట్లు తిన్నాను. మా ఆయన బీరువా ఎక్కలేదు గానీ, కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని భోంచెయ్యడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడ నా ప్రాణం తోడేస్తోందని నేను కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను.

భవనం తెరిచిన రోజున ఇద్దరం వెళ్ళాం. మేడమే అందరికీ చూపిస్తోంది. హాలు తళతళలాడుతోంది. మెట్ల దగ్గరికి వచ్చాం. గదికి అడ్డంగా తాడు, లోపల పదకొండు కొత్త చీపుళ్ళు, తలుపు మీద బోర్డు. "చీపుళ్ళ గది. ఇందులో ఎవరూ నివసించలేదు."

మేడమ్ ఆ బోర్డు చదవకుండానే ముందుకు పోబోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎవరూ లేకపోవడమేంటి? ముప్పై ఒక్కేళ్ళు ఉంది! ఇదిగో, ఈవిడే!" అని అరిచాను. నాలుగు రోజుల క్రితం దాకా ఆవిడ మీద నేరాలు చెప్పుకున్న దాన్ని నేనే.

"అరవకే," అంది అత్తయ్య. "బడి నాటి సంగతి రాశారు. సరిగ్గానే రాశారు."

చూడ్డానికి వచ్చినవాళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ గదిలోకి తొంగి చూసి, "ఇందులోనా? మనిషి పట్టదు కదండీ!" అంది.

ఆ మాటకి అత్తయ్యకి పౌరుషం వచ్చింది. "ఎందుకు పట్టదూ?" అని తాడు ఎత్తి, నడుం వంచి, చీపుళ్ళని ఓ పక్కకి నెట్టి లోపలికి దూరింది. తలుపు లాగేసుకుంది. జనం నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

కాసేపు చూశాం. తలుపు తెరుచుకోలేదు. నేను మెల్లగా తట్టి, "అత్తయ్యా!" అన్నాను.

"ఉండవే," అంది లోపల్నుంచి. "ఒక్క నిమిషం." ఆ గొంతు ఆవిడది కాదేమో అనిపించింది.

వెనక వరసలో వాళ్ళకి ఏమీ తెలియక తోసుకొస్తున్నారు. మేడమ్ గడియారం వంక చూసుకుని, నా వంక చూసింది. కళ్ళద్దాలావిడ తలుపు పిడి మీద చెయ్యి వెయ్యబోయింది. నేను అడ్డం వెళ్ళి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఆగండి. లోపల మనిషుంది," అన్నాను.