అక్క స్కూటరుకి ఆఖరి కోటింగు

మా బావకి ఈ లోకంలో ఒక్కటే శత్రువు, దుమ్ము. కార్లకీ స్కూటర్లకీ రంగులు కొట్టే షెడ్డు ఆయనది. రంగు కొట్టే గన్ను చేతిలోకి తీసుకునే ముందు నేలంతా నీళ్ళు చల్లుతాడు, ఫ్యాను ఆపేస్తాడు, ఎవరినీ తుమ్మనివ్వడు. పక్కనే నా పంక్చర్ల కొట్టు. నేను టైరు దులిపితే చాలు, గోడ అవతల నుంచి నా వంశాన్నంతా తిట్టిపోస్తాడు. ఆ వంశంలోంచే పెళ్ళాన్ని తెచ్చుకున్న సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తుండదు.

ఆ పెళ్ళాం మా అక్క. ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం కూడబెట్టి కొనుక్కున్న స్కూటరు మీద డ్యూటీకి వెళ్ళొచ్చేది. ఒకనాడు దాని పక్క రేకు మీద సన్నటి గీత పడింది. "నాలుగు రోజులు నా దగ్గర వదిలెయ్, కొత్తదానిలా చేసిస్తా" అన్నాడు బావ. ఆ నాలుగు రోజులూ రెండేళ్ళయినా పూర్తి కాలేదు. రంగు వేస్తాడు. ఆరాక తన పెద్ద టార్చిలైటు వేసి అంగుళం అంగుళం వెతుకుతాడు. ఎక్కడో ఆవగింజలో సగమంత నలుసు కనబడుతుంది. మొత్తం గీకేసి మళ్ళీ మొదలుపెడతాడు. ఊళ్ళోవాళ్ళ బళ్ళయితే అద్దాల్లా మెరుస్తూ వెళ్ళిపోయేవి, వాళ్ళు వచ్చి నెత్తిన కూర్చుంటారు కనక. పెళ్ళాం బండి దగ్గరే తీరిగ్గా కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

అక్క మాత్రం రెండేళ్ళూ బస్టాపులో నిలబడింది. వార్డులో నిలబడి, స్టాపులో నిలబడి, బస్సులో నిలబడి, ఇంటికొచ్చేసరికి కాళ్ళు వాచిపోయేవి. వేడినీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని బావని తనివితీరా తిట్టేది. ఈమధ్య ఆ తిట్లు మానేసింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. అనుకున్నంతా అయింది.

"రేపు పొద్దున్న పాత సామాన్లవాణ్ణి రమ్మన్నాను," అంది ఒకరోజు చెప్పులేసుకుంటూ. "ఈ సాయంత్రానికి బండి నా చేతికొచ్చిందా సరే. లేదంటే తూకానికి వేసేస్తా."

మా అక్క మాటంటే మాటే. బావకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆ రోజు అన్నం కూడా తినకుండా పని చేశాడు. నీలం రంగు, దాని మీద మెరుపు కోటింగు. అక్క డ్యూటీ దిగి షెడ్డుకి వచ్చేసరికి ఆఖరి చెయ్యి పూర్తయింది.

"ముట్టుకోకు. ఒక్క గంట ఆరితే చాలు."

"రెండేళ్ళు ఆగినదాన్ని, గంట ఆగలేనా?" అని అక్క బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుంది. నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఊపిరి కూడా జాగ్రత్తగా తీస్తున్నాను.

అప్పుడే వీధి చివర నుంచి గోడలాంటిది ఒకటి కదిలి వచ్చింది. ఇటుకపొడి రంగు, మేడలకంటే ఎత్తు. ముందు బ్యాంకు మాయమైంది, తర్వాత ట్రాఫిక్ లైట్లు, తర్వాత వీధి మొత్తం. ఇంకా పొద్దు గుంకకుండానే కార్లు లైట్లు వేసుకుని హారన్లు మోగించాయి. ఏదో మందుల షాపు బోర్డు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. ఊరందరికీ అది దుమ్ము తుఫాను. మా బావకి మాత్రం పగవాడు సైన్యంతో సహా ఇంటిమీదకొచ్చినట్టే.

షట్టరు లాగాం. అది సగం దిగి బిగుసుకుపోయింది. దానికి నూనె పెట్టాలని బావ ఎన్నాళ్ళుగానో అనుకుంటూనే ఉన్నాడు. "పట్టా! ఆ టార్పాలిన్ పట్టా తీసుకురా!" అని కేకపెట్టాడు. తీరా తెచ్చాక కప్పడానికి లేదు, పచ్చి రంగుకి తగిలిందంటే ఇక అంతే సంగతులు. గాలి వచ్చే వైపు వాలుగా, బండికి తగలకుండా బిగించి పట్టుకోవాలి. ఒక కొస స్తంభానికి కట్టాం. మిగతా మూడు కొసలకీ మేం ముగ్గురం.

"కిందికి దించకు!" అన్నాడు బావ.

"దించుతోంది మీరే!" అంది అక్క.

"ఒరేయ్ బామ్మర్దీ, నీ వైపు వంగిపోతోంది!"

"నేనెక్కడ వంగాను బావా, గాలి నన్నే లేపుతోంది!"

"నోరు మూసుకోరా, దుమ్ము పడుతుంది!"

"నా నోట్లోనా, బండి మీదా?"

"బండి మీదేరా!"

అడకత్తెరలో పోకచెక్కలా వాళ్ళిద్దరి మధ్యా నేను. పళ్ళ కింద ఇసుక కరకరలాడుతోంది. బావ ముక్కుకి పని మాస్కు ఉంది, మా ఇద్దరికీ ఏమీ లేదు. అక్క దగ్గింది. "కాస్త ఓర్చుకో" అన్నాడు బావ. మళ్ళీ దగ్గింది. "అయిపోవచ్చింది, కాస్త…" ఈసారి దగ్గు ఆగలేదు. ఊపిరందక వంగిపోయింది, అయినా కొస మాత్రం వదల్లేదు. "వదిలెయ్యవే అక్కా!" అని అరిచాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఆ బస్టాపులో నిలబడటం దానివల్ల కాదు.

బావ బండిని చూశాడు. అక్కని చూశాడు. చేతిలోని కొస వదిలేశాడు.

పట్టా టపటపా కొట్టుకుని, సరిగ్గా పచ్చి రంగు మీద పడి, దాన్ని ఈడ్చుకుంటూ జారింది. బావ అటు తిరిగి కూడా చూడలేదు. మాస్కు ఊడబెరికి అక్క ముఖానికి కట్టాడు, ఆమెను మూలకి లాగాడు, తన వీపు గాలికి అడ్డం పెట్టి నిలబడ్డాడు. అన్నేళ్ళుగా నేనాయన్ని తిట్టుకున్న తిట్లన్నీ అప్పటికప్పుడు వెనక్కి తీసుకున్నాను. షట్టరు విషయంలో తిట్టినవి మాత్రం ఉంచుకున్నాను.

గాలి తగ్గేసరికి ముగ్గురం ఇటుకబట్టీలోంచి లేచొచ్చినట్టున్నాం. స్కూటరు ఒక పక్క ఉప్పుకాగితంలా గరుకు, ఇంకో పక్క పట్టా ముడతల అచ్చు. బావ దాని ముందు చతికిలబడ్డాడు.

"ఏం ఫర్లేదు," అన్నాడు ఏడుపు గొంతుతో. "మొత్తం గీకేసి, మళ్ళీ… నాలుగు రోజుల్లో…"

అక్క మేకుకి వేలాడుతున్న తాళంచెవి అందుకుంది. రంగు పడకుండా సీటుకి అంటించిన కాగితాలు చించేసింది. కిక్ కొట్టింది. ఇంజను బావ చేతి పని కాదు, అప్పుడప్పుడూ స్టార్టు చేసి చూసుకున్నది నేను కాబట్టి రెండో దెబ్బకే అందుకుంది.

"ఎక్కుతారా, గీకుతారా?"

"ఇంకా ఆరలేదే…"

"దారిలో ఆరుతుంది."

బావ కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కాడు. ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర నీలం రంగు అంటుకుంది. దుమ్ము పట్టిన వీధిలో, బస్టాపు ముందు నుంచి, మా అక్క ఆగకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పాత సామాన్లవాడు షెడ్డు ముందు తోపుడుబండి ఆపాడు. అప్పటికే అక్క స్కూటరు మీద డ్యూటీకి వెళ్ళింది. పాపం, పిలిపించి వట్టి చేతులతో పంపడమెందుకని బావ లోపలికి వెళ్ళి, తన పెద్ద టార్చిలైటు తెచ్చి ఇచ్చేశాడు.