మా బాబు పోయిన రోజు ముందే వచ్చేసింది

ఈ సాయంత్రం పనిచేసే ఇంట్లో గంటసేపు సెలవడిగి, ఇక్కడ గల్ఫులో మహబూలా అనే చోట ప్రార్థనకు వెళ్లాను. వచ్చే శుక్రవారమే గుడ్ ఫ్రైడే అన్నారు పాస్టరమ్మగారు. పోయినేడు గుడ్ ఫ్రైడే నాడే మా బాబు బండి మీద నుంచి పడి చనిపోయాడు. ఆ తారీకు రావడానికి ఇంకా రెండు వారాలుంది.

"అదేంటండి, అప్పుడే ఎలా వచ్చేస్తది?"

"యూదుల నెలలు చంద్రుణ్ణి బట్టి కదమ్మా. పున్నమికి, పొద్దు గూకగానే వాళ్ల పస్కా పండగ మొదలు. మన గుడ్ ఫ్రైడే దాని వెనకాలే జరుగుతా ఉంటది."

"మరి మావోడి దినం ఏదండి?"

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

నేను పనిచేసే ఇంటావిడ, ఇక్కడ మామా అనే పిలవాలి, ఒక్క రోజే సెలవిచ్చింది, ఆ తారీకుకి. ఆ రోజు మా చెల్లి ఫోన్లో సమాధి చూపిస్తానంది. శుక్రవారం మామా చుట్టాలంతా భోజనానికి వస్తారు, గిన్నెలు తోముతూనే ఏడవాలి. బిడ్డ పోయింది ఒక్కసారే, ఆ రోజు మాత్రం ఏటా రెండుసార్లు వస్తుంది కాబోలు. మీలో ఎవరికైనా ఇలా ఉంటే ఏ రోజు కొవ్వొత్తి వెలిగిస్తారో చెప్పండి. నేనైతే వస్తూ వస్తూ రెండు కొన్నాను.